గాలికి ఎగరని చిక్కుడుకాయలు

నిన్న సాయంత్రం మా కోడలు ఖమ్మం రైతుబజారు నుంచి తెచ్చిన కూరల సంచీని వంటింటి గట్టు మీద బోర్లించినప్పుడు, వంకాయలకూ టమాటాలకూ మధ్య నుంచి లేత చిక్కుడుకాయలు కొన్ని జారి పడ్డాయి. నేను వాటిని ఏరి, పలచని గుడ్డలో చుట్టి, ఫ్రిజ్‌లో అడుగు అరలో పెట్టేశాను. కొన్ని రోజులు ఆగి వండుకుందామని చెప్పాను గానీ ఎందుకు ఆగాలో చెప్పలేదు. పెద్దవాళ్ల చాదస్తాలకు కారణాలు అడగకూడదన్న మర్యాద తెలిసిన పిల్ల కాబట్టి ఆమె కూడా అడగలేదు.

ఈ పొద్దున కాఫీ తాగుతుండగా నా ఫోనుకు ఒక బొమ్మ వచ్చింది. దుమ్ముగూడెం అవతల అడవిలో ఉన్న ఒక ఊరి నుంచి వచ్చిన పండుగ పిలుపు అది. వెనుక గుట్టలు, ఒక పక్క డోలు, ఇంకో పక్క చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు, మధ్యలో వెదురు గంప. కింద రేపు మా ఊళ్లో చిక్కుడు పండుగ, అందరూ రావాలని రాసి ఉంది. కోడలు నా భుజం మీదుగా తొంగి చూసి, "అత్తమ్మా, చిక్కుడు పండుగ అంటున్నరు, గంపల ఒక్క కాయ లేదు. పెట్టుడు మరిచిపోయినట్టున్నరు" అంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు చెమ్మగిల్లాయి. ఆ గంప ఎందుకు ఖాళీగా ఉందో చెప్పాలంటే, ఒకప్పుడు మా ఆఫీసు చేత బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి కొనిపించడానికి నేను పడ్డ తిప్పలు మొదటి నుంచీ చెప్పాలి. కోడలికి ఆఫీసు వేళైపోయింది కనుక, తీరిక ఉన్న నా ఈడు వాళ్లకే ముందుగా చెప్పుకుంటున్నాను.

నేను పుట్టింది కుసుమంచిలో. గీతలు గీయడం తప్ప ఇంకే చదువూ నా మనసుకు పట్టక, లోయరూ హయ్యరూ డ్రాయింగు పరీక్షలు పాసై, ఏదో ఒక బడిలో డ్రాయింగు టీచరమ్మను అవుతానని కలలు కన్నదాన్ని. ఆ కల తీరలేదు. పెళ్లయ్యాక మా వారికి భద్రాచలంలో బడి ఉద్యోగం కావడంతో అక్కడికి చేరి, అడవి ఊళ్లలో తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఆర్టిస్టుగా కుదిరాను. ఆర్టిస్టు అన్న పేరు గొప్పదే గానీ, నా రాజ్యమల్లా ఆఫీసు వెనుక వరండాను చెక్కలతో మూసి చేసిన గది. అందులో ఒక పొడుగాటి బల్ల, రంగుల సీసాలు, కుంచెలు కడిగే గ్లాసులు ఉండేవి. వాటిలో ఒకదాన్ని మా ఆఫీసు ఆయా పొరపాటున టీ గ్లాసుల్లో కలిపేసిన రోజున, ఆఫీసు జమాఖర్చులు చూసే లెక్కల సారుకు నీలం రంగు టీ వచ్చింది. ఆయన దాన్ని చాలా కాలం మరిచిపోలేదు.

మన తరానికి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఒక బొమ్మ అచ్చై రావడమంటే ఆడపిల్ల పెళ్లి చేసినంత పని. నేను పెద్ద అట్ట మీద బొమ్మ వేసి, రంగులు ఆరాక పాత చీర ముక్కలో చుట్టి బస్సు పార్సిల్లో విజయవాడ ప్రెస్సుకు పంపితే, వాళ్లు దాన్ని ఫోటో తీసి, ఫిల్ము చేసి, ప్లేట్లు చేసి, తీరుబడిగా అచ్చు వేసి కట్టలు కట్టి పంపేసరికి రుతువులు మారిపోయేవి. మధ్యలో తల్లి చీర రంగు బాగోలేదనో, బిడ్డ మరీ బొద్దుగా ఉన్నాడనో అనిపించినా చేసేదేమీ లేదు. మళ్లీ మొదటి నుంచి గీయాల్సిందే.

అలాంటి రోజుల్లో మా ఆడబిడ్డ పెళ్లి కార్డుల కోసం ఖమ్మంలో ఒక డీటీపీ సెంటరుకు వెళ్లాను. కంప్యూటరు ముందు కూర్చున్నాయన కార్డు మీది మామిడాకుల తోరణాన్ని ఎడమ నుంచి కుడికి జరిపాడు, నచ్చలేదంటే మాయం చేశాడు, ఉండనీ అంటే మళ్లీ తెచ్చాడు. ఒక బొమ్మను పొరలు పొరలుగా పెట్టుకుని, కావాల్సిన పొర కనబడేలా, అక్కర్లేనిది దాగేలా చేయొచ్చట. రబ్బరు అక్కర్లేదు, తెల్ల రంగు పూసి మూయనక్కర్లేదు. పెళ్లి కార్డు సంగతి మరిచిపోయి ఆ తెర వంకే చూస్తూ నిలబడిపోయాను. మా ఆడబిడ్డ వచ్చి చెయ్యి పట్టి లాగితే గానీ కదల్లేదు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా అని భద్రాచలం వచ్చీ రాగానే అడిగాను. మా ఆఫీసులో అప్పటికే ఒక కంప్యూటరు ఉంది. అది లెక్కల సారు గదిలో, ఆయన భార్య కుట్టిన పూల ముసుగు కప్పుకుని కూర్చునేది. ఆ గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విడవాలి, దసరాకు దాని నుదుట కుంకుమ బొట్టు పడాలి. ఆ యంత్రంలో బొమ్మల సాఫ్ట్‌వేరు వేయించమని నేను అడిగితే మా పెద్ద సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సంస్థ అంతటికీ ఆయనే పెద్ద, గోదావరి కింది జిల్లాల మనిషి, మాటలో మెత్తదనం ఎక్కువ. "ఏవమ్మా, పెట్టె కొన్నాం కదా. మళ్ళీ దానికి ప్రాణం విడిగా కొనాలా?" అన్నారు. పక్కనే ఉన్న లెక్కల సారుది ఖమ్మం. ఆయన ఇంకో అడుగు ముందుకేసి, "గా సీడీ ఖమ్మంల ఊకెనే దొరుకుతది. ఎవల్ని అడిగినా కాపీ కొట్టి ఇస్తరు. దానికి కొనుడు ఏంది?" అన్నారు.

ఇది ఆ రోజుల్లో అందరూ అనే మాటే. కానీ ఈ లెక్కల సారు ఎలాంటివారంటే, పెన్సిలు కొన్నా బిల్లు కావాలి, ఊళ్లకు పోయినప్పుడు పాకలో టీ తాగినా కాగితం ముక్క మీద సంతకం కావాలి. ఆ కాపీ సీడీ ఇచ్చేవాడు బిల్లు కూడా ఇస్తాడా సారూ అని నేను అమాయకంగా అడిగాను. ఆయన కాపీ సీడీ ముచ్చట మళ్లీ ఎత్తలేదు గానీ, కొనడానికీ ఒప్పుకోలేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టుగా ఉండేది ఆయన వ్యవహారం.

అంతటితో పోయినా బాగుండేది. నా అడుగుడుతో పెద్ద సారుకు ఇంకో ఆలోచన పుట్టింది. సాఫ్ట్‌వేరూ, దానికి తగిన ప్రింటరూ కొనే బదులు, ఏప్రిల్‌లో మొదలయ్యే కొత్త లెక్కల సంవత్సరం నుంచి బొమ్మల పనంతా పట్నంలో ప్రకటనలు చేసే ఒక ఏజెన్సీకి ఇచ్చేస్తే ఎలా ఉంటుందా అని. ఏజెన్సీ వాళ్లు పంపిన నమూనాలు చూశాను. నున్నటి కాగితం మీద ఎర్రగా బుర్రగా ఉన్న తల్లి ఆపిల్ పండు పట్టుకుని నవ్వుతోంది. మా అడవి ఊళ్లలో అప్పటికి ఆపిల్ పండు చేత్తో పట్టి చూసినవాళ్లు ఎందరుంటారు? శివరాత్రి వెళ్లాక జరిగే కమిటీలో ఏదో ఒకటి తేల్చేస్తామన్నారు. ఏజెన్సీ అయితే నా వెనుక వరండా గది సామాన్ల గది అవుతుంది, నేను ఇంటికెళ్లిపోవాలి. ఎందుకు కొనాలో రాసిమ్మంటే నేను పేజీలకు పేజీలు రాశాను. టైము కలిసొస్తుందని, అచ్చు బాగా వస్తుందని, రంగులు వేలకొద్దీ ఉంటాయని, డీటీపీ ఆయన చెప్పిన గొప్పలన్నీ ఏకరువు పెట్టాను. అవి చదివి పెద్ద సారు ఆవులించారని లెక్కల సారే నాకు చెప్పారు.

ఇంతలో విజయవాడ నుంచి పోస్టర్ల కట్టలు దిగాయి. వెనకటి చలికాలంలో నేను గీసిన బొమ్మ అది. కడుపుతో ఉన్న ఆమె గుడిసె ముందు కూర్చుని ఉంటుంది, ఒళ్లో పళ్లెం, పక్కన గంప నిండా చిక్కుడుకాయలు. నేను గీసిన రోజుల్లో ఏ ఊళ్లో చూసినా గంపల నిండా కాయలే, చూసి చూసి గీశాను. ఒక్కో కాయ మీద గింజ ఉబ్బు కూడా కనబడుతుంది. గర్వంగా చెబుతున్నాను, నేను అంత బాగా మళ్లీ ఏదీ గీయలేదు. ఆ కట్టలు వచ్చేసరికి దీపావళి దాటింది, చిక్కుడు పాదులు పూత పట్టి అప్పుడప్పుడే లేత కాయలు దిగుతున్నాయి. సమయానికి అందాయని అందరం సంబరపడి ఊళ్లకు పంచేశాం.

ఊళ్లు తిరిగే మా ఆరోగ్య కార్యకర్తల్లో ఒకమ్మాయి దుమ్ముగూడెం అవతలి కోయ ఊరి పిల్ల. నేను చెల్లె అనేదాన్ని, ఆమె అక్కా అని పిలిచేది. పోస్టర్లు పట్టుకుపోయిన కొన్నాళ్లకే ముఖం వేలాడేసుకుని నా గదికొచ్చి, బల్ల అంచున కూర్చుని, రంగు సీసాల మూతలు తిప్పడం మొదలుపెట్టింది. ఏమైందంటే, "అక్కా, మా ఊర్లె చిక్కుడు కొత్త ఇంక కాలే. నువ్వేమో గంప నిండ కాయలు పెట్టినవ్" అంది. నాకు అర్థం కాక తిరిగి అడిగితే అప్పుడు వివరంగా చెప్పింది.

వాళ్ల ఊళ్లల్లో కొత్త పంట ఏదైనా సరే, ముందు భూదేవికి, చనిపోయిన పెద్దలకు పెట్టి పండుగ చేసుకోనిదే ఎవరూ నోట పెట్టుకోరు. మామిడికాయకు ఒక పండుగ, చిక్కుడుకాయకు ఒక పండుగ. పండుగ ఏ రోజన్నది ఆ ఊరి పెద్దలు కూర్చుని అనుకోవాల్సిందే గానీ ఈ ఊరి రోజు ఆ ఊరికి చెల్లదు. ఇప్పుడు మా పోస్టరు కట్టింది ఎక్కడంటే, నెలనెలా కడుపుతో ఉన్నవాళ్లను తూకం చూసి, బలానికి పిండి పొట్లాలు ఇచ్చే పాకలో. పైన బొమ్మలో కొత్త చిక్కుడుకాయలు, కింద పిండి సంచులు. ఇంకేముంది, ఆ పిండిలో కొత్త చిక్కుడు గింజలు కలిపి ఉంటారని, తెలియకుండా తమ చేత ముందే తినిపిస్తున్నారని ఊరంతా అనుకున్నారు. పొట్లాలు వద్దనకుండా మర్యాదగా తీసుకుంటున్నారు, ఇంటికెళ్లి చూరులో పెట్టేస్తున్నారు. చెల్లె సొంత వదినకు ఆరో నెల, రక్తం తక్కువ. ఆమె కూడా పిండి ముట్టడం లేదు, తూకానికీ రావడం లేదు. "మా ఇంట్లనే నా మాట ఇంటలేరు. ఇంక ఊర్లె ఎవరింటరక్క?" అని చెల్లె కళ్లు తుడుచుకుంది.

నిజం చెప్పొద్దూ, మొదట నాకు కోపమే వచ్చింది. అంత ప్రాణం పెట్టి గీస్తే ఇదేం వంక అనుకున్నాను. నా కళ్లతో చూస్తే గానీ నమ్మనని మర్నాడే చెల్లెతో బయలుదేరి, బస్సు దిగి, టేకు చెట్ల మధ్య బాట పట్టి ఆ ఊరు చేరాను. పాకలో నా పోస్టరు చింపలేదు, పారేయలేదు. గోడవైపుకు తిప్పి, నాలుగు మూలలూ జాగ్రత్తగా మళ్లీ కట్టారు. తెల్లటి వీపు మాత్రం మాకు కనబడుతోంది. చెల్లెకు తాత వరసయ్యే ఊరి పెద్ద వచ్చి, నాకు నులక మంచం వేశాడు. "బొమ్మ మంచిగనే ఉన్నది బిడ్డా. కాకపోతే మేం ఇంక తినలే, మీ బొమ్మ తింటున్నది" అన్నాడు. పండుగ అయిపోయాక తామే ఇటు తిప్పుకుంటామని, అందాకా నేనేమీ అనుకోవద్దని కూడా అన్నాడు. ఆ మాటతో నా కోపం ఎటు పోయిందో తెలియదు. నా బొమ్మను అంత నిజమని నమ్మినవాళ్లు అంతకుముందు నాకెవరూ తగల్లేదు.

తిరుగు దారిలో నా బుర్రంతా ఒకటే తిరిగింది. పండుగ దాకా పోస్టరు తిప్పి ఉంచుకోవచ్చు గానీ, చెల్లె వదిన రక్తం పండుగ దాకా ఆగదు. అనుమానం పోవాలంటే ఇప్పుడే, ఈ వారమే, గంప ఖాళీ కావాలి. పండుగయ్యాక నిండాలి. పక్క ఊళ్లో ఇంకో రోజున నిండాలి. విజయవాడ ప్రెస్సు ఇన్ని గంపలు ఎప్పటికి నింపుతుంది? పట్నం ఏజెన్సీకి ఈ ఊరి పండుగ ఏనాడని ఎవరు చెబుతారు? ఖమ్మంలో తెర మీద మాయమై మళ్లీ వచ్చిన మామిడాకుల తోరణం నాకు అప్పుడు గుర్తొచ్చింది.

గోడ మీద వెలుతురు వేసి పాఠాలు చూపించే యంత్రం కోసం కొన్న అద్దంలాంటి ప్లాస్టిక్ షీట్లు మా బీరువాలో ఉండేవి. ఒక అట్ట మీద అదే తల్లిని, అదే గుడిసెను, ఖాళీ గంపతో మళ్లీ గీశాను. ప్లాస్టిక్ షీటు మీద ఉత్త చిక్కుడుకాయలు గీశాను. షీటును అట్ట మీద పరిస్తే గంప నిండుతుంది, తీస్తే ఖాళీ అవుతుంది. దాన్ని పట్టుకెళ్లి పెద్ద సారు బల్ల మీద పెట్టి, సంగతంతా చెప్పి, ఆ సాఫ్ట్‌వేరు చేసేది ఇదే సార్, పేజీల్లో నేను చెప్పలేకపోయింది ఇదే అన్నాను. ఆయన షీటు వేశారు, తీశారు, మళ్లీ వేశారు. ముఖం వెలిగిపోయింది. "ఇంత సులువుగా అయిపోతుంటే ఇంక సాఫ్ట్‌వేర్ దేనికమ్మా? ఈ షీటే వాడదాం" అన్నారు. నేను తీసిన గోతిలో నేనే పడ్డాను. తలుపు దగ్గర నిలబడ్డ లెక్కల సారు నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

పెద్ద సారులో ఒక మంచి గుణం ఉండేది, ఏ మాటైనా బల్ల దగ్గర కూర్చుని తేల్చరు. పదండి, నేనే ఊళ్లలో చూపిస్తాను అని జీపు తీయించారు. ముందు సీట్లో ఆయన, ఆయన ఒళ్లో అట్ట, అట్ట మీద షీటు, వెనుక నేనూ చెల్లే. మొదట చెల్లె వాళ్ల ఊరికి వెళ్లాం. పాకలో ఖాళీ గంప బొమ్మ పెట్టి, పిండి పొట్లం విప్పి, అందులో ఉన్నవి నిరుటి శనగలూ గోధుమలేనని చెల్లె తన భాషలో చెప్పింది. ముందు తాను తిన్నది, తరువాత తాత ఇంత నోట్లో వేసుకున్నాడు. గుంపు వెనుక నిలబడి ఉన్న వదిన, అత్తగారి ముఖం వంక చూసింది. అత్తగారు, అంటే చెల్లె తల్లి, ఖాళీ గంప వంక చూసి, తల ఊపింది. వదిన వచ్చి తూకం మీద నిలబడింది. చెల్లె ఆమె బరువు పుస్తకంలో రాసుకుని, ఒకటికి రెండు పిండి పొట్లాలు ఆమె చేతిలో పెట్టింది.

ఆ ఊరి నుంచి ఇంకో ఊరికి పోతే అక్కడ పండుగ వెనకటి వారమే అయిపోయింది. పెద్ద సారు ఖాళీ గంప చూపించి, మంత్రం వేసేవాడిలా షీటు పరిచేసరికి ఆడవాళ్లు పకపకా నవ్వారు. మళ్లీ చేయమన్నారు, మళ్లీ చేశారు. ఆ పై ఊళ్లో చిక్కుడు పాదులన్నీ మేకలు మేసిపోయాయట. "మాకు కందులు పెట్టున్రి సారూ" అన్నదొక ముసలమ్మ. ఎండాకాలం మా మామిడి కొత్త అయినంక మామిడికాయలు పెడతవా అని ఇంకొకామె అడిగింది. ఉత్సాహం మీదున్న పెద్ద సారు అందరికీ సరేనన్నారు. కందులు సరే, మామిడి సరే, గోంగూర సరే. ఆయన సరే అన్నప్పుడల్లా పక్కనే నిలబడ్డ చెల్లె నా మోచేయి గిల్లింది. ఇన్ని షీట్లు ఎవరు గీస్తారు, ఒక్కో ఊరికి ఒక్కో గంప ఎవరు మోస్తారు? నేను మాత్రం నోరు విప్పలేదు. ఒకసారి గోతిలో పడ్డదాన్ని, మళ్లీ ఏం పడతాను.

పొద్దు వాలుతుండగా పర్ణశాల దగ్గర టీ కోసం ఆగాం. రేవులో యాత్రికుల పడవలున్నాయి. టీ పోసిన ఆమెకు కూడా చూపించాలని పెద్ద సారుకు సరదా పుట్టింది. ఎడమ చేతిలో అట్ట నిలబెట్టి, కుడి చేత్తో షీటు ఎత్తారు. సరిగ్గా అప్పుడే గోదావరి మీది నుంచి ఒక గాలి తెర వచ్చింది. షీటు ఆయన చేతిలోంచి జారి, టీ పాక మీదుగా లేచి, రేవు మెట్లు దాటి, నీళ్ల మీద వెల్లకిలా వాలింది. షీటు కనబడదు, చిక్కుడుకాయలు మాత్రం గుంపుగా తేలుతూ పోతున్నాయి. పడవలో ఉన్న ఒకావిడ అవి నిజం కాయలనుకుని చెయ్యి చాచింది కూడా. ముగ్గురం ఒడ్డున నిలబడి, అవి నడి గోదావరిలోకి వెళ్లి కనబడకుండా పోయేదాకా చూశాం. పెద్ద సారు చల్లారిన టీ గుటుక్కున తాగేసి, గ్లాసు కింద పెట్టి, "గాలికి ఎగరనిది కొనుక్కోండమ్మా" అన్నారు.

చెల్లె నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు ఒకటి పగిలింది. కొనుగోలు కాగితంలో ఎందుకు అవసరమో రాసే చోట నేను జత చేసిన పేజీలన్నీ ఆయన తీసి పక్కన పెట్టి, తన చేతి రాతతో ఒక్క వాక్యం రాశారు: "మా ఊళ్లన్నీ ఒకే రోజున తినవు." కమిటీలో ఆ వాక్యానికి ఎవరూ ఎదురు చెప్పలేదట. లెక్కల సారు బిల్లు కళ్లకద్దుకుని ఫైల్లో పెట్టారు. అట్టపెట్టెలో సీడీలు, ఇటుకంత లావు పుస్తకం వచ్చాయి. పూల ముసుగు తీసిన కంప్యూటరు నా వెనుక వరండా గదిలోకి రాలేదు గానీ, రోజూ మధ్యాహ్నం నేనే చెప్పులు విడిచి దాని దగ్గరికి వెళ్లే హక్కు సంపాదించుకున్నాను. కరెంటు పోతే చేసిందంతా పోయేది, మౌసు నా మాట వినేది కాదు, కుంచె పట్టిన చెయ్యి ఆ ఎలుకను పట్టలేక నొప్పి పుట్టేది. నా పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ చెల్లె నాకంటే ముందే నేర్చేసుకుంది. ఒక్కో పొరకు ఒక్కో ఊరి పేరు పెట్టి, ఆ ఊరి పండుగ కబురు అందగానే ఆ పొర తెరిచి, రంగు ప్రింటరు మీద కాగితాలు తీసి పట్టుకుపోయేది.

ఆ చలికాలం చివర వదినకు ఆడపిల్ల పుట్టింది. మరీ బొద్దు కాదు గానీ గట్టి పిల్ల, ఏడుపు ఊరవతలికి వినిపించేదని చెల్లె గొప్పగా చెప్పుకునేది. మరుసటి ఏడు వాళ్ల ఊరి చిక్కుడు పండుగకు నన్ను పిలిచారు. పూజ అయ్యాక తాత మొదటి కాయలు ఆకులో పెట్టి నా చేతికిచ్చి, గోడ మీది ఖాళీ గంప బొమ్మను తానే తీసి, నిండు గంప బొమ్మను తానే కట్టాడు. ఆ రోజు నుంచి ఆ ఊరి పండుగ కబురు రాకుండా నేను ఆ ఏటి చిక్కుడుకాయ తినలేదు. ఎవరూ చెప్పలేదు, నేను మొక్కుకోనూ లేదు. తినబుద్ధి కాలేదు, అంతే.

ఇప్పుడు ఆ ఆఫీసు లేదు, సంస్థే ఎత్తేశారు. తాతా లేడు, మా పెద్ద సారూ లేరు. నేను అంత పోరాడి కొనిపించిన సీడీలు నా పెట్టెలో ఉన్నాయి గానీ, వాటిని మింగే కంప్యూటరు ఈ ఊళ్లో ఎక్కడా దొరకదు. రైతుబజారులో చిక్కుడుకాయలు ఇప్పుడు ఏ కాలంలో అడిగినా ఉంటాయి, దేనికీ కొత్త అన్నది లేకుండా పోయింది. ఫోనులో వేలితో నొక్కితే పూలు, దీపాలు, పండ్లు వచ్చి పడతాయి, పండుగ ఏదైనా బొమ్మ అదే. చెల్లె ఇప్పుడు అంగన్‌వాడీ టీచరు. ఈ పొద్దున వచ్చిన పిలుపును ఫోనులో చేసింది ఆమె కూడా కాదు, ఆనాడు ఊరవతలికి వినిపించేలా ఏడ్చిన ఆ పిల్ల, వదిన కూతురు. దానికి నా వరండా గది తెలియదు, గోదావరిలో పోయిన షీటు తెలియదు. ఎవరి దగ్గర నేర్చుకుందో మాత్రం గంప ఖాళీగా పెట్టింది.

ఇదంతా రాసి పెట్టి, మర్నాడు సాయంత్రం దీపం పెడుతుండగా ఫోను మళ్లీ మోగింది. అదే గుట్టలు, అదే డోలు, అదే ఆడవాళ్లు. గంప నిండా చిక్కుడుకాయలు, ఒక్కో కాయ మీద గింజ ఉబ్బుతో సహా. నేను రాసింది అప్పటికే చదివిన కోడలు ఆ బొమ్మ చూసి, ఫ్రిజ్‌లో అడుగు అర తెరిచి గుడ్డ మూట తీసుకొచ్చి నా ముందు విప్పింది. ఈనెలు తీయడానికి ఇద్దరం కూర్చున్నాం. కాయలు కొంచెం వాడాయి. అయినా ఈ ఏటికి అవే నాకు కొత్తవి.